గుమ్మం తప్పిన గ్రావెల్ దారి

సోమవారం పొద్దున్నే నాగేశ్వరరావు నులకతాడు పట్టుకుని వాకిట్లోకి దిగాడు. బళ్లు నడిచే పుంత దగ్గరి తడక మొదలు ఇంటి గుమ్మం దాకా తాడు లాగించి, దాని వెంట సున్నం పోయించి, వెనక్కి జరిగి చూసుకున్నాడు. గీత చూడ ముచ్చటగా, సూటిగా వచ్చింది. గురువారానికల్లా ఆ గీత మీద ఎర్ర గ్రావెల్ పడాలి. ఆ గ్రావెల్ మీద బావగారి మోరిస్ కారు నడిచి రావాలి. అందులోంచి అత్తగారు తిన్నగా అరుగు మీదికి అడుగు పెట్టాలి.

గుండుగొలనుకు దిగువన, చేల మధ్య కట్టుకున్న కొత్త ఇల్లు అది. ఇల్లు బంగారంలా ఉంది గాని, వాకిలి ఒట్టి నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే కాలికున్న చెప్పు లాగేసుకుంటుంది. కిందటేడు బావగారు పాండురంగారావు తన తల్లి సూరమ్మగారిని కూతురి కొత్త ఇల్లు చూపించడానికి తాడేపల్లిగూడెం నుంచి తీసుకొచ్చాడు. కారు తడక దాటగానే చక్రాల మధ్యదాకా దిగబడింది. మోకాళ్ల నొప్పులతో నడవలేని ఆ పెద్దావిడ మధ్యాహ్నం దాకా కారులోనే కూర్చుని, దున్నపోతులు కారుని పైకి లాగాక, అట్నుంచి అటే వెళ్లిపోయింది. "కారు అరుగు దాకా వచ్చిననాడు కబురు చెయ్యి బావా" అన్నాడు పాండురంగారావు, బురదైన పంచె పిండుకుంటూ.

ఆ రోజు నుంచీ వాన పడినప్పుడల్లా భార్య వీరరాఘవమ్మ కిటికీ దగ్గర నిలబడుతుంది. "ఈ ఏడు కూడా చూడకపోతే అమ్మ ఇంక నా ఇల్లు చూడదండి" అని మొన్నొకసారి అంది. ఏడవలేదు, సాధించలేదు, మామూలుగానే అంది. అందుకే నాగేశ్వరరావుకి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక రోడ్లన్నీ పడతాయన్నారు గాని, అవి తన వాకిట్లోకి వచ్చేదాకా అత్తగారు ఆగేలా లేరు. నల్లజర్ల మెట్టల నుంచి సొంతంగా లారీ మీద గ్రావెల్ తెప్పించేశాడు.

పని మేస్త్రి వీర్రాజుకి అప్పగించాడు. వీర్రాజు చెప్పింది చేస్తాడు, చెప్పనిది అడగడు, ఒకరి మాట ఇంకొకరి చెవిన వెయ్యడు. ఆ చుట్టుపక్కల అతనికి అంత పేరు రావడానికి ఆ మూడో గుణమే కారణం.

తల్లి వెంకటనరసమ్మ గుమ్మంలో నిలబడి గీత కేసి చూసింది. "సూటిగా గుమ్మంలోకేనా నాన్నా?"

"సూటిగానే అమ్మా. వంకరెందుకు?"

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. కిందటి నెల ఊరి గ్రంథాలయంలో కొడుకు మూఢనమ్మకాల మీద గొంతు బొంగురు పోయేలా ఉపన్యసించినప్పటి నుంచీ ఆవిడ అతనితో శాస్త్రాల మాట ఎత్తడం మానేసింది.

నాగేశ్వరరావు బస్సెక్కి ఏలూరు వెళ్లాడు. అత్తగారి కాలి కింద పరచడానికి మంచి తివాచీ ఒకటి కొన్నాడు. దాన్ని చంకన పెట్టుకుని, ప్లీడరు గుమాస్తాగా చేస్తున్న స్నేహితుడు సుబ్బరాజుని పలకరించి, దారి సంగతంతా గొప్పగా చెప్పాడు. సుబ్బరాజు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"గుమ్మానికి ఎదురుగానా? వీధిపోటు కాదటండీ అది? దారొచ్చి గుమ్మాన్ని పొడిస్తే ఇంటికొచ్చిన పెద్దవాళ్లకి మంచిది కాదంటారు."

"ఇంకా ఆ కాలంలోనే ఉన్నారా మీరు" అని నాగేశ్వరరావు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు బస్టాండు దాకా వచ్చి ఆగిపోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాడు. తనకి నమ్మకం లేదు, సరే. కాని అత్తగారికి తన ఇంట్లో తుమ్ము వచ్చినా, ఊరంతా ఆ దారినే వేలెత్తి చూపిస్తుంది. వీరరాఘవమ్మ ఏమీ అనదు. మామూలుగానే కిటికీ దగ్గర నిలబడుతుంది.

మంగళవారం ఉదయం పుంతలో గ్రావెల్ కుప్పల వెనక వీర్రాజుని పట్టుకున్నాడు. "ఇదిగో వీర్రాజూ, ఇంటి దగ్గర కొస ఉంది చూశావా, దాన్నో మూడు బారలు తూర్పుకి జరుపు. పడమరకి వద్దు, నుయ్యి అడ్డం. ఈ సంగతి ఎవరితో అనకు."

వీర్రాజు తలపాగా కింద వేలు పెట్టి గోక్కున్నాడు. "మళ్లీనా అండి?"

"మళ్లీ అంటావేంటి?"

"ఏం లేదండి. జరుపుతానండి."

అంతలో కొల్లేటి వైపు చేలో నీళ్లు దిగడంలేదని కబురొచ్చింది. నాగేశ్వరరావు అట్నుంచి అటే వెళ్లి, బుధవారం పొద్దువాలాక తిరిగొచ్చాడు.

దారి పూర్తయింది. ఎర్రగా, నున్నగా, చూస్తే కడుపు నిండేలా ఉంది. తడక దగ్గర నుంచి సగం దాకా సూటిగా వచ్చింది. అక్కడ తూర్పుకి తిరిగింది. తిరిగింది తిరిగినట్టే అరుగు దాటింది, ఇల్లు దాటింది, వాకిలి చివరున్న గొడ్లపాక గుమ్మంలో ఆగింది.

నాగేశ్వరరావుకి కాసేపు ఏమీ అర్థం కాలేదు. ఎవరూ చూడకుండా చేతులు బార్లా చాపి గుమ్మం ఎదుటి నుంచి దారి కొస దాకా కొలిచాడు. తొమ్మిది బారలు వచ్చాయి. తను మూడనే అన్నాడా, తొమ్మిదన్నాడా? నోరు జారిందా? వీర్రాజుని పిలిచి అందరి ముందూ అడిగితే మొదటి మూడు బారల సంగతి బయటపడుతుంది.

వీరరాఘవమ్మ బయటికొచ్చింది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది. ఇప్పుడు దులిపేస్తుందనుకున్నాడు.

"బాగుందండి. ఆ వంపు అందంగా ఉంది" అందావిడ, దారి వైపు చూడకుండా.

వెనకే తల్లి వచ్చింది. "అవున్రా, శుభ్రంగా ఉంది. గాలి కూడా ఆడుతుంది" అంది.

గ్రావెల్ దారికీ గాలికీ ఏం సంబంధమో నాగేశ్వరరావుకి తెలియలేదు. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి గొంతు సవరించుకుని, "కావాలనే అలా వేయించాను" అన్నాడు. అత్తాకోడళ్లిద్దరూ ఒక్కసారిగా హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు. అది చూసి అతనికి మిగిలిన కాస్త మతీ పోయింది. పోనీ పాక నుంచి అరుగు దాకా ఇంకో ముక్క కలిపిద్దామంటే పుంతలో తట్టెడు గ్రావెల్ మిగల్లేదు. చీకటి పడగానే వాన మొదలై తెల్లవార్లూ కురిసింది.

గురువారం ఉదయం మోరిస్ కారు తడక దాటింది. దిగబడలేదు. డ్రైవరుకి ప్రాణం లేచొచ్చి, ఎర్రగా ఉన్నంత మేరా హాయిగా తోలుకొచ్చి, పాడిగేదె మొహానికి జానెడు దూరంలో బ్రేకు వేశాడు. గేదె బానెట్‌ని వాసన చూసి, నచ్చక తల తిప్పేసుకుంది.

"బావా" అన్నాడు పాండురంగారావు కిటికీలోంచి, "దారి బ్రహ్మాండంగా ఉంది. కాని మేమొచ్చింది మీ ఇంటికి కదా?"

నాగేశ్వరరావు అటూ ఇటూ చూసి వీర్రాజు మీద పడ్డాడు. "ఏంటయ్యా ఇది? ఎవరు వెయ్యమన్నారిలా?"

"చెప్పకూడదండి. మాటిచ్చానండి."

"ఎవరికిచ్చావు?"

"అందరికీ ఇచ్చానండి."

ముందు వెంకటనరసమ్మ కొంగు సర్దుకుంది. "వీధిపోటని నేనే జరపమన్నానురా. నువ్వు ఏలూరు వెళ్లగానే. ఒట్టు, మూడు బారలే."

వీరరాఘవమ్మ అత్తగారి కేసి తెల్లబోయి చూసింది. "మీరూనా అత్తయ్యగారూ? నేను నిన్న చెప్పానండి. మావాళ్ల కారు కోసం ఇంటికి పోటు తెచ్చానంటారేమోనని మీకు చెప్పలేదు. నేనూ మూడే."

పాండురంగారావు రైస్‌మిల్లు నడిపే మనిషి, తూకంలో తేడా వస్తే ఒప్పుకోడు. "మూడూ మూడూ ఆరు. ఇంకా మూడు బారలు ఉండాలే?"

అందరూ నాగేశ్వరరావు కేసి చూశారు. నాగేశ్వరరావు గేదె కేసి చూశాడు. "నేనే" అన్నాడు చివరికి.

"గ్రంథాలయంలో ఎవరికీ చెప్పన్లే నాన్నా" అంది తల్లి.

నవ్వొచ్చేదే గాని ఎవరూ నవ్వలేదు. పాకకీ అరుగుకీ మధ్య చీలమండ లోతు బురద ఉంది. ఆ అరుగు కారుకి కనిపిస్తూనే ఉంది, అందడంలేదు. వీరరాఘవమ్మ కారు తలుపు పట్టుకుని, "ఇంత దగ్గరికొచ్చావు కదే అమ్మా" అంది. ఈసారి కళ్లనీళ్లు ఆగలేదు. ఆ నీళ్లలో మూడు బారలు తనవేనని నాగేశ్వరరావుకి తెలుసు.

"అత్తయ్యగారూ, కుర్చీలో కూర్చోండి, నలుగురం మోసుకెళ్తాం" అన్నాడు.

"నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది నాయనా. అందాకా నన్నెవరూ మొయ్యక్కర్లేదు" అంది సూరమ్మగారు. తలుపు తీయించి, కర్ర ఊనుకుని, గ్రావెల్ మీద రెండడుగులు వేసి, పాక గుంజ పట్టుకుని నిలబడింది. "ఇక్కడో మంచం వెయ్యండి."

అంతలో వాన మళ్లీ అందుకుంది. గొడ్లని బయటికి తోలారు. అవి తడుస్తూ నిలబడలేక, తడవని చోటు వెతుక్కుని, అరుగెక్కాయి. వీర్రాజు పాక కడిగి, గడ్డి పరిచాడు. దాని మీద ఏలూరు తివాచీ, తివాచీ మీద మంచం, మంచం మీద సూరమ్మగారు. బురద దాటుకుంటూ కాఫీలొచ్చాయి, విస్తళ్లొచ్చాయి, పప్పూ పులుసూ వచ్చాయి. అవతల కొత్త అరుగు మీద గేదెలు వియ్యాలవారిలా తీరిగ్గా కూర్చుని నెమరు వేసుకుంటున్నాయి.

"ఇల్లు లోపల చూద్దువుగాని లేవే అమ్మా, వాన తగ్గాక" అంది వీరరాఘవమ్మ.

"లోపల కూర్చుంటే ఇల్లు కనిపిస్తుందిటే పిచ్చిదానా? ఇక్కణ్నుంచైతే మొత్తం కనిపిస్తోంది" అంది సూరమ్మగారు. కూతురి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, పెంకులూ, కిటికీలూ, గుమ్మానికి రాసిన పసుపూ ఒక్కొక్కటే చూసుకుంటూ కూర్చుంది. "బాగా కట్టుకున్నావే రాఘవా" అని మధ్యమధ్య అంటూనే ఉంది. పూటకని వచ్చిన మనిషి, వంకలు చెప్పి కొడుకుని పంపేసి, పది రోజులు ఉండిపోయింది. మూడో నాడు నేల ఆరాక ఇంట్లోకి రమ్మన్నారు. ఒకసారి వచ్చి గదులన్నీ చూసి, ఉక్కగా ఉందని మళ్లీ పాకలోకి వెళ్లిపోయింది. కారెక్కేటప్పుడు, "వచ్చే ఏడు ఇంకా ముందుగా వస్తానే" అంది.

ఎండలు ముదిరాక నాగేశ్వరరావు మళ్లీ వీర్రాజుని పిలిపించాడు. దారి సరిచేయించడానికి కాదు, గొడ్లపాకకి పెంకులు కప్పించడానికి.