రెండో అరలో సీసా

ఆ శనివారం ఉదయం ఎడ్గర్ పెట్టుకున్న కోరిక చాలా చిన్నది. లోయలో ఏటా జరిగే గొర్రెల సంబరంలో కొండ పరుగు ఉంటుంది. అందులో పాల్గొనాలి, పైదాకా ఎక్కాలి, దిగాలి, ఆఖరివాడిగా మాత్రం రాకూడదు. నలభై ఒకటో ఏట పరుగు మొదలుపెట్టినవాడు అంతకన్నా ఆశపడటం అన్యాయమని అతనికీ తెలుసు. మార్చి నుంచి ఆగస్టు దాకా పదకొండుసార్లు కొండెక్కబోయాడు. పదకొండుసార్లూ సగం కొండమీద అడ్డంగా ఉన్న రాతిగోడ దాకా వెళ్ళి, దాన్ని పట్టుకుని కాసేపు రొప్పి, వెనక్కి వచ్చాడు. గోడ అవతల ఏముందో అతను పటంలో చూడటమే గానీ కంటితో చూసింది లేదు.

ఎడ్గర్ ఇల్లరికపు అల్లుడు. మైదానంలోని పట్నం నుంచి వచ్చి, ఈ లోయలో స్కూలు బస్సు నడుపుకుంటూ, పదిహేనేళ్ళుగా మామగారింట్లోనే ఉంటున్నాడు. మామగారు ఐజాక్ మాటలు పొదుపుగా వాడే మనిషి. అల్లుడి దగ్గర మరీ పొదుపు. ఆయన ప్రేమంతా డచెస్ అనే జాగిలం మీద. సోంపు నూనె, కిరసనాయిలు కలిపి, అందులో తడిపిన ఉన్నిగుడ్డను కొండలమీద పది మైళ్ళు ఈడ్చుకుపోతే, ఆ వాసన పట్టుకుని జాగిలాలు పరుగెత్తే పందెం ఒకటుంది. లోయవాళ్ళకు అది పెళ్ళికన్నా ముఖ్యం. డచెస్ ఆరేళ్ళుగా పరుగెత్తుతూ పక్క లోయల్లో మూడుసార్లు గెలిచింది గానీ, సొంత లోయలో ఒక్కసారీ గెలవలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట దానికెవరూ చెప్పినట్టు లేదు. ఈ ఏడు దాటితే వయసు మించిపోతుంది. ఇదే దాని ఆఖరి సంబరం. ఆ వారమంతా ఐజాక్ సరిగ్గా అన్నం తినలేదు.

తొడలు పట్టేశాయని ఎడ్గర్ మూలుగుతుంటే, గుడ్లు వేయిస్తున్న భార్య హెట్టీ వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "నాన్న షెడ్డులో, రెండో అరలో, నొప్పుల తైలం సీసా ఉంది. రాసుకో. ఊరికే మూలక్కు."

రెండో అరలో నొప్పుల తైలం సీసా ఉన్నమాట నిజమే. కాకపోతే దాని పక్కనే అలాంటిదే ఇంకోటుంది. డచెస్‌కు తరిఫీదు ఇచ్చే వాసన నూనె సీసా పోయినవారం పగిలిపోతే, ఐజాక్ మిగిలిన నూనెను ఖాళీ తైలం సీసాలో పోసి పెట్టాడు, పేరు చీటీ కూడా పీకకుండా. ఎడ్గర్‌కు బుధవారం నుంచి జలుబు. జలుబు లేకపోయినా ఆ ఇంట్లో కర్టెన్ల దగ్గర్నుంచి రొట్టె దాకా అన్నీ అదే వాసన కొడతాయి. తైలం ఎంత ఎక్కువైతే నొప్పి అంత తగ్గుతుందనుకుని, నడుం నుంచి చీలమండల దాకా సగం సీసా పట్టించాడు.

సంబరం మైదానంలో పరుగుకు వచ్చినవాళ్ళ సామాను తనిఖీ చేస్తున్నది హిల్డా. ఆవిడ వానకోటు, పటం, దిక్సూచి, ఈల ఒక్కొక్కటీ చూసి, నంబరు గుడ్డ ఇచ్చి, మధ్యలో మానేస్తే తనకొచ్చి చెప్పమని గట్టిగా చెప్పింది. చెప్పకుండా ఇంటికెళ్ళి పడుకుంటే ఊరంతా కొండమీద వెతుక్కోవాలట. జాగిలాలు, వాటి యజమానులు, నూనె గుడ్డలు ఈడ్చి వచ్చిన మనుషులు తిరిగే మైదానంలో ఎడ్గర్ కాళ్ళ వాసన ప్రత్యేకంగా ఎవరికీ తెలియలేదు.

కొండమీద మబ్బు దిగడంతో రెండింటికి మొదలవ్వాల్సిన పరుగు రెండుముప్పావుకు వాయిదా పడింది. మూడింటికి ఉన్న జాగిలాల పందెం కూడా వాయిదా వెయ్యమని హిల్డా అడిగితే, జాగిలాల జడ్జి ఒప్పుకోలేదు. మనుషులైతే ఆగుతారు గానీ కుక్కలెందుకు ఆగుతాయని ఆయన వాదన.

అరవైమంది బయలుదేరారు. ఎడ్గర్ ఆఖరివాడు. అయినా పన్నెండోసారి రాతిగోడ దగ్గర ఆగలేదు. పట్టుకోకుండా, వెనక్కి చూడకుండా గోడ దాటేశాడు. అవతల కూడా ఇవతలిలాంటి గడ్డే ఉంది, కానీ అతని గుండె పొంగిపోయింది. ఇంకాస్త పైన, జాగిలాలు వచ్చే దారిని అడ్డంగా దాటాడు. అది అక్కడుందని అతనికి తెలియదు. సరిగ్గా అప్పుడే కింద జాగిలాలను వదిలారు.

ఎక్కుతున్న వగర్పుకు ఎడ్గర్ జలుబు ముక్కు తెరుచుకుంది. మొదట తియ్యటి సోంపు, వెనకే కిరసనాయిలు. ఇక్కడికి కూడా ఇంటి వాసన ఎలా వచ్చిందా అనుకుంటూ నాలుగడుగులు వేసి, ఆగి, వంగి మోకాలు వాసన చూసుకున్నాడు. పొద్దున రాసుకున్నది తైలం కాదు.

కింద జాగిలాలు వరసగా కొండవాలు మీద వస్తున్నాయి. అతను దాటిన చోటికి వచ్చి నిలబడ్డాయి. ముక్కులు నేలకు ఆనించి ఒక్కక్షణం తచ్చాడాయి. తర్వాత ముక్కులన్నీ ఒకేసారి పైకి లేచాయి.

అవి కరవవు, అది అతనికి తెలుసు. అతని భయం అది కాదు. పందెం చెడిపోతుంది, డచెస్ ఆఖరి పందెం, అదీ తన కాళ్ళవల్ల. పక్కనే బురదగుంట కనిపించింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. ఎడ్గర్ కాలు కడుక్కోవడానికే అడుసు తొక్కాడు. నడుం దాకా దిగి తొడలు రుద్దుకున్నాడు. నూనె నీళ్ళకు లొంగుతుందా? బురద కాస్తా సోంపు బురద అయింది. పైకి వచ్చేసరికి మొదటి జాగిలం చేరుకుని మోకాలు నాకింది. వెనక మిగతావి. ఇక వాటిని కొండమీద వదిలేసి నిలబడితే ఏ లోయలోకి పోతాయో తెలియదు. తనతోపాటు కిందికి తీసుకుపోవడం తప్ప దారి లేదు. పరుగెత్తాడు.

శిఖరం మీద రాళ్ళకుప్ప దగ్గర కూర్చున్న లెక్కల మనిషి ఎడ్గర్ నంబరు రాసుకున్నాడు. మిగతావాళ్ళను ఏం చెయ్యాలో తోచక, కింద "కుక్కలు, ఇరవై రెండు" అని పైకి చదువుకుంటూ రాశాడు. ఆ మాట విని ఎడ్గర్ గుండె జారిపోయింది. మైదానంలో విన్న లెక్క ఇరవై మూడు. తిరిగి తిరిగి చూశాడు. డచెస్ లేదు. ఏ బండల మధ్యనో పడిపోయి ఉంటుంది. దిగుతున్నంతసేపూ మామగారికి ఏం చెప్పాలన్న ఆలోచనే. కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. ఎవర్ని దాటుతున్నాడో చూడలేదు. వెనక అరుపులు వినపడుతుంటే దారి ఇచ్చినవాళ్ళు కొందరు, గోడెక్కినవాళ్ళు కొందరు.

మైదానంలో ముగింపు తాడు దగ్గర యజమానులు తమ జాగిలాలను పిలవడానికి అన్నం గిన్నెలు మోగిస్తూ, ఈలలు వేస్తూ, తూర్పు గేటు వైపు చూస్తున్నారు. జాగిలాలు పడమటి వైపు నుంచి, ఒక బురద మనిషి వెనకాల వచ్చాయి. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎడ్గర్ నాలుగోవాడిగా గీత దాటి పడిపోయాడు.

అప్పుడు తూర్పు గేటులోంచి డచెస్ వచ్చింది. ఒక్కతే, తల వంచుకుని, గుడ్డ ఈడ్చిన దారి అంగుళం తప్పకుండా వచ్చింది. గీత దాటి ఐజాక్ దగ్గరికి వెళ్ళి గిన్నెలో మూతి పెట్టింది. ఆయన దాని తలమీద చెయ్యి వేశాడు. ఆ సంతోషం అర నిమిషం కూడా నిలవలేదు.

డచెస్‌కు గట్టి పోటీ అనుకున్న జాగిలం బిర్కెట్‌ది. అతను జడ్జి ముందుకు వచ్చాడు. "చూశారుగా. ఐజాక్ అల్లుడికి నూనె పూసి, మా కుక్కల్ని దారి మళ్ళించాడు. తన కుక్క గెలిచింది. నలభై ఏళ్ళుగా పందేలు ఆడుతున్న పెద్దమనిషి చేసే పనేనా?"

నూనె ఒంటిమీద ఎక్కడుందని జడ్జి ఇంకా అడగనైనా లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎడ్గర్ రెండు చేతులతో మోకాళ్ళు కప్పుకున్నాడు. తైలం అనుకున్నానని, ఒకేలాంటి సీసాలని చెప్పబోయాడు. యాభైమంది అతన్ని చూస్తున్నారు, ఒక్కరూ నమ్మడం లేదు. మోసం తేలితే ఐజాక్‌ను ఇక ఏ మైదానంలోకీ రానివ్వరు. పెద్దాయన మొహం తెల్లబోయింది. అల్లుడి వైపు ఆయన అంత బాధగా చూడటం అదే మొదటిసారి.

చివరికి ఐజాక్ నోరు విప్పాడు. "బిర్కెట్, మోసమే చెయ్యాలనుకుంటే మనిషిని చూసి పెట్టుకోనా? వీడు పదకొండుసార్లు కొండెక్కబోయి పదకొండుసార్లూ గోడ పట్టుకుని తిరిగొచ్చాడు. మీరంతా చూసినోళ్ళే. నా డచెస్ ఆఖరి పందెం తీసుకెళ్ళి వీడి కాళ్ళమీద పెడతానా?"

ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు. జడ్జి ఎడ్గర్ వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు.

ఎడ్గర్ జీవితంలో మొదటిసారి ఆ గోడ దాటిన రోజది. ఆ సంగతి చెప్పాలని అతనికి ప్రాణం కొట్టుకుంది. మామగారి చెయ్యి ఇంకా డచెస్ తలమీదే ఉంది.

"నిజమేనండీ," అన్నాడు. "ఇవాళ కూడా గోడ దగ్గరే ఆగిపోదామనుకున్నాను. కుక్కలు తరిమితే వచ్చాను."

జడ్జి నమ్మాడు. బిర్కెట్ కూడా చివరికి తలూపాడు. ఫలితం రద్దు చెయ్యమని మాత్రం ఐజాకే అడిగాడు, పోటీ లేని గెలుపు తనకొద్దన్నాడు. బయటి సాయంతో పరుగెత్తాడని హిల్డా ఎడ్గర్ నాలుగో స్థానాన్నీ కొట్టేసింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు వ్యానులో డచెస్‌ను ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకున్నారు. వంతెన దాటాక ఐజాక్ అన్నాడు. "ఇరవై రెండు నీ వెనకపడ్డాయి. ఇది పడలేదు."

"అవును మావయ్యా."

"ఏడేళ్ళుగా నిన్ను చూస్తోందిగా. నీ వెంటపడితే ఎక్కడికీ చేరమని దానికి తెలుసు." రోడ్డు వైపే చూస్తూ అడిగాడు. "దిగేటప్పుడు ఎంతమందిని దాటావో తెలుసా?"

"చూళ్ళేదు మావయ్యా."

"యాభై ఆరుగురు. బైనాక్యులర్‌లో లెక్కపెట్టాను. గోడ దాటడం కూడా చూశాను. హెట్టీకి నువ్వు చెప్తే నమ్మదు, నేను చెప్తాలే."

మరుసటి ఏడు కొండ పరుగు తనిఖీలో వానకోటు, పటం, దిక్సూచి, ఈల తర్వాత మోకాళ్ళు కూడా చేరాయి. వాటిని వాసన చూసే ఉద్యోగం డచెస్‌కు ఇచ్చారు, ఎడ్గర్‌ను మాత్రం అది రెండుసార్లు చూస్తుంది.