తిరగకూడని మోకాలు

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని, తప్పులుంటే మన్నించండి. రాయడమూ నిదానమే. ఆఫీసులకు అలవాటుపడిన మీకు అదేమంత కష్టం కాదు.

మనిషి మోకాలు ముందుకూ వెనక్కూ మాత్రమే పనిచేయాలని మోకాళ్ల నిర్ధారణ విభాగం ఏనాడో తీర్మానించింది. మెలితిరగడం దాని పరిధిలోకి రాదు.

ఈ సంగతి రామసముద్రం అమరావతి మోకాలికి తెలియదు. టమోటా బుట్ట నెత్తిన పెట్టుకుని సాలు చివర తిరగబోయి పడిన నాటి నుంచి ఆమె నేరుగా ఎంత దూరమైనా నడుస్తుంది. పాదం ఆనించి ఒళ్లు తిప్పిందంటే మాత్రం మోకాలు లోపలే జారి కూలబడుతుంది. లిగమెంటు తెగిందన్నాడు డాక్టరు. తొడకు కసరత్తులు చేయించినా నిలవలేదు, ఇక ఆపరేషనే అన్నాడు. అది ఉచితంగా జరగాలంటే విభాగం ఒప్పుకోవాలి. లేకుంటే ఈ ఏడు కౌలు చేను ఇంకొకరి చేతికి పోతుంది.

మదనపల్లెలో పరీక్షాధికారి గోపాలస్వామి కుర్చీలోంచి లేవకుండానే (లేవడమూ మోకాళ్ల పనే కదా) నడవమన్నాడు. నడిచింది. "ఇంక పోమ్మా" అన్నాడు.

అమరావతి బుద్ధెరిగినప్పటి నుంచి పెద్దవాళ్లకు వీపు చూపిన మనిషి కాదు. చేతులు జోడించి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వాకిలి దాటింది. 'ముందుకూ వెనక్కూ నడిచింది. లోపం లేదు' అని రాసుకున్నాడాయన.

పుంగనూరులో అప్పీలు. అక్కడా అదే మర్యాద, అదే ఫలితం.

ఆఖరి అప్పీలు కుప్పంలో. వెంట వచ్చిన మరిది అంజినప్ప బస్సులో తల పట్టుకున్నాడు.

"వదినా, నువ్వు తిరక్కపోతే వాళ్లకెట్లా తెలుస్తాది? ఈసారి ఆయనకు వీపు సూపించు."

"పెద్ద ఆఫీసరప్పా. బాగుంటాదా?"

"చేను పోతే బాగుంటాదా?"

కుప్పం అధికారి కిషోర్ ఓపికగల మనిషి. "ఎట్లుండాదమ్మా మోకాలు?" అని అడిగాడు.

"నేరుగా పోతే బాగుండాది సార్. తిరిగితేనే జారతాది."

"అయితే ఏల తిరిగేది?"

(సాలుకు చివర ఉంటుందని విభాగానికి ఎవరూ చెప్పినట్టు లేదు.) నడవమన్నాడు, నడిచింది. పొమ్మన్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, పుట్టాక మొదటిసారి ఒక అధికారికి వీపు చూపింది. మోకాలు జారింది. బల్ల పక్కనే కూలబడింది.

"సూసినారా సార్" అన్నాడు అంజినప్ప, వదిన పడినందుకు ముఖం వెలిగిపోతుండగా.

కిషోర్ చూశాడు. చూసి, నింపాదిగా రాశాడు: 'పరీక్షలో నడక సక్రమం. పరీక్ష ముగిశాక, అధికారికి వీపు చూపినందువల్ల పడింది. లోపం మోకాలిది కాదు, మర్యాదది.'

ఇట్లు,
శారదమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది పుంగనూరులో.