నష్టం లేని మోసం

నలభై ఏళ్లుగా రిజిస్ట్రేషన్ ఆఫీసు వసారాలో ఇదే బెంచీ మీద కూచుని సాక్షి సంతకాలు పెడుతున్నాను. ఎరగని మనిషిని ఎరుగుదునని ఒక్క కాగితం మీద కూడా పెట్టలేదు. నా సంతకం కనబడితే అధికారులు లేచి నిలబడతారని చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి.

అంతటి వసారాకి మొన్న మంగళవారం మంత్రిగారు వేంచేశారు. రిబ్బను కత్తిరించి, మైకు పుచ్చుకుని చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు.

"ఆస్తుల మోసాలు ఆపడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. మేం అబద్ధాలు చెప్పం. కానీ ఇవాళ్టి నుంచీ ఆ మోసాల్లో నష్టం అనేదే ఉండదు. పథకం పేరు, 'నష్టం లేని మోసం'!"

మోసాన్ని ఉన్నచోటే ఉంచి, అందులోంచి నష్టాన్ని మాత్రం తీసేయడమంటే మాటలా? అంత నాజూకు పని ఇంకెవరి చేతా కాదు. చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాం.

చప్పట్లు ఆగకముందే, వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ముందుకొచ్చింది. అందరూ దర్జీ అక్క అంటారు. ఆవిడ చేతిలో బ్యాంకు వాళ్లు తలుపుకి అంటించిన నోటీసు ఉంది. గట్టి జిగురు వాడినట్టున్నారు, తలుపు రంగు కూడా పెచ్చులా దానితోపాటే ఊడొచ్చింది.

"అయ్యా, ఎవత్తో నా పేరు చెప్పుకుని నా ఇల్లు తనఖా పెట్టింది. అప్పు పట్టుకుని మాయమైపోయింది. శుక్రవారం వచ్చి నా ఇంటికి తాళం వేస్తారట!"

మంత్రిగారు పొంగిపోయారు. పథకానికి తొలి లబ్ధిదారు తన కాళ్ల మీద తనే నడిచొచ్చింది మరి.

"నష్టం ఎవరిదో ఇక్కడే తేల్చేద్దాం," అని వేదిక మీదున్న ముగ్గురి వైపూ తిరిగారు. "రిజిస్ట్రారుగారూ, మీదా?"

"నాదెలా అవుతుంది సార్? కాగితం పద్ధతిగా ఉందా అని చూడ్డమే నా పని. నిజమా కాదా అనేదానికి మా ఫారంలో గడి లేదు."

"శభాష్. మేనేజరుగారూ, మీ బ్యాంకుదా?"

"మేం రిజిస్ట్రారుగారి ముద్రని నమ్మాం సార్. నమ్మినవాళ్లకి నష్టం రాకూడదని మా రూలు."

"మరి అప్పు?"

"ఇల్లుంది కదా సార్!"

"బీమా ఆఫీసరుగారూ?"

"బ్యాంకుకి బీమా ఇచ్చాం సార్. కాకపోతే మోసం జరిగితే వర్తించదు."

"మరెప్పుడు వర్తిస్తుంది?"

"మోసం జరగనప్పుడు సార్."

మంత్రిగారు మూడు వేళ్లు మడిచారు. "ముగ్గురికీ నష్టం లేదు. మొదలై పావుగంట కాలేదు, పథకం డెబ్బై అయిదు శాతం సక్సెస్!"

"మరి నేనో?" అంది దర్జీ అక్క.

"రికార్డు ప్రకారం తనఖా పెట్టింది నువ్వేనమ్మా. అప్పు తీసుకున్నవాళ్లకి నష్టం ఎక్కడిది?"

"పెట్టింది నేను కాదు మహాప్రభో!"

"నువ్వేనని చెప్పిందెవరు?"

రిజిస్ట్రారుగారు దస్తావేజు చివరి పేజీ తిప్పి, సాక్షి పేరు చదివారు. అందరూ నావైపు చూశారు.

మొదట్లో ఒక మాట అన్నాను, దాన్ని కాస్త సవరించుకుంటాను. మా వసారా పద్ధతి ఏమిటంటే, దస్తావేజులు రాసే గుమాస్తా పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోట నేను సంతకం పెడతాను. తలెత్తి మనిషిని చూడాలంటే రేటు వేరు. నలభై ఏళ్లలో ఆ రేటు ఇచ్చినవాళ్లు లేరు. పైగా నాకు మెడనొప్పి.

"నువ్వా బాబాయ్! ఆ ఒంటిమీది చొక్కా కుట్టింది నేనే కదా. నన్నెరగవూ?" అంది దర్జీ అక్క.

ఆ మాటకి దిగ్గున లేచి నిలబడ్డాను. మెడనొప్పిని లెక్కచెయ్యకుండా తలెత్తి ఆవిడ ముఖం చూశాను. "ఈ అమ్మాయి నాకు తెలుసు! ఇల్లు ఈమెదే! నా సంతకమే తప్పు!" అన్నాను వసారా దద్దరిల్లేలా.

రిజిస్ట్రారుగారు పెదవి విరిచారు. "కుదరదు పెద్దాయనా. ఈ పేరుగల మనిషిగా ఇంకొకావిణ్ణి ఇదివరకే ఎరిగున్నావు. ఒక పేరుకి ఒక మనిషినే ఎరగాలి."

అప్పుడు మంత్రిగారు తీర్పు చెప్పారు. "నష్టమంతా ఆ నకిలీ ఆవిడే భరించాలి! ఆవిడ చిరునామాకి వెంటనే ఉత్తర్వు పంపండి!"

ఆ న్యాయానికి నా కళ్లు చెమర్చాయి.

రికార్డులో నకిలీ ఆవిడ చిరునామా ఒక్కటే ఉంది. ఆ సాయంత్రమే బంట్రోతు వెళ్లి, దర్జీ అక్క తలుపు మీద రంగు ఊడినచోట ఉత్తర్వు అంటించాడు. సరిగ్గా సరిపోయింది. శుక్రవారం దాని పక్కనే తాళం పడింది.

ఇప్పుడు ఆవిడ మిషను మా వసారాలోనే, నా బెంచీ పక్కనే ఆడుతోంది. నాతో మాట్లాడదు. పథకం నివేదిక కూడా వచ్చింది: మోసాలు నూట పన్నెండు, నష్టపోయినవారు ఎవరూ లేరు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, లేచి నిలబడ్డానన్నది. అప్పుడు నేను బెంచీ మీదే తల వంచుకుని కలానికి మూత బిగిస్తున్నాను. రిజిస్ట్రారుగారి జవాబంటారా, నేను లేచి ఉంటే ఆయన అదే అనేవారు. మిగతాదంతా అక్షరాలా నిజం. కావాలంటే సాక్షి సంతకం పెడతాను.