అన్ని దేశాల పర్మిట్ ఉన్న డబ్బా

ఆ శుక్రవారం పొద్దున స్వరూపరాణి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. సాయంత్రం ఐదింటికి అత్త సంగమ్మ టీవీలో వస్తుంది; అప్పటికి వచ్చినవాళ్లందరికీ చాయ్ పెట్టాలి, అంతే. పోయిన నెల వ్యవసాయ కార్యక్రమం వాళ్లు నారాయణఖేడ్ వచ్చి, సంగమ్మను కంది చేనులో నిలబెట్టి అరగంట మాట్లాడించుకొని పోయారు. అరవై ఏళ్లలో ఆమె తనను తాను అద్దంలో తప్ప ఎక్కడా కదులుతుంటే చూసుకోలేదు. అందుకే కుంకుమ భరిణె పట్టుకొని, పెళ్లికి పిలిచినట్టు గల్లీలో ఇంటింటికీ బొట్టు పెట్టి మరీ పిలిచి వచ్చింది.

ఆమె కొడుకు, స్వరూపరాణి భర్త గోవర్ధన్ బస్ డిపోలో కంట్రోలర్. తల్లి టీవీలో వస్తుంటే ఇంట్లో ఉన్న డిష్ చాలదని అతనికి తోచింది. హైదరాబాద్‌లో ఒక దుకాణానికి పోయి, గాలిలో వచ్చే ప్రసారాలను నేరుగా పట్టే ట్యూనర్ డబ్బా కావాలన్నాడు. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి, యూరప్‌ది వేరు, అమెరికాది వేరు, జపాన్‌ది వేరు, మీకు ఏది పట్టేది కావాలని దుకాణం అతను అడిగాడు. "అన్నీ పట్టేదే ఇయ్యి" అన్నాడు గోవర్ధన్. పాత డిష్‌ను ఆ పొద్దున్నే విప్పి, కంగ్టిలో ఉన్న చెల్లెలికి మొదటి బస్సులో పంపించేశాడు.

"ఇది మన దగ్గర పనిచేస్తదా?" అని అడిగింది స్వరూపరాణి.

"ఒక్క రాష్ట్రం పర్మిట్ ఉన్న బస్సు బోర్డర్ కాడ ఆగుతది. అన్ని రాష్ట్రాలది ఉంటే ఎవడన్న ఆపుతడా? దీనికి ప్రపంచమంత పర్మిట్ ఉంది."

బస్సుకు పర్మిట్‌తోపాటు రోడ్డు కూడా ఉండాలి కదా అని ఆమెకు అనిపించింది. కానీ పొయ్యి మీద పప్పు ఉండడంతో ఆ మాట అనలేదు.

నాలుగున్నరకల్లా గల్లీ అంతా టీవీ ముందు కూర్చుంది. మామ మాణిక్యప్ప ఇస్త్రీ ధోవతితో ముందు కుర్చీలో, పక్కన సంగమ్మ పట్టుచీరలో. గోవర్ధన్ డబ్బా ఆన్ చేశాడు. ముందు దేశం ఎంచుకొమ్మంది. నలభై దేశాల జాబితాలో ఇండియా లేదు.

"జపాన్ పెట్టు గోవర్ధనూ" అన్నాడు ఎదురింటి హన్మయ్య. "వాళ్ల మాల్ మంచిగుంటది."

పెట్టాడు. తెర మీది అక్షరాలన్నీ జపనీస్‌లోకి మారాయి. వెనక్కి రావడం ఎట్లాగో కూడా జపనీస్‌లోనే రాసి ఉంది. తోచిన మీట నొక్కితే ఒక గీత మెల్లగా పాకి, చివర సున్నా చూపించి ఆగింది. ఆ సున్నా మాత్రం అందరికీ అర్థమైంది.

తప్పు డిష్ తీసిన చోట బిగించిన కొత్త యాంటెనాదని తేల్చుకొని గోవర్ధన్ నిచ్చెన వేసి మిద్దె ఎక్కాడు.

"జెర హైదరాబాద్ దిక్కు తిప్పురా!" అని కింది నుంచి అరిచాడు మాణిక్యప్ప.

"హైదరాబాద్ ఎందుకే? పెట్టింది జపాన్ గదా! పొద్దు పొడిచే దిక్కు తిప్పు!" అన్నాడు హన్మయ్య.

ఇద్దరి మాటా విని రెండు దిక్కులా తిప్పేసరికి, యాంటెనా గొట్టం ఊడి, గల్లీకంతా పోయే కేబుల్ తీగను తెంపుకొని, నిచ్చెనను కూడా వెంటబెట్టుకొని కింద పడింది. అప్పటిదాకా టీవీ రానిది ఒక్క ఇంట్లోనే. ఇప్పుడు డిష్ ఉన్న హన్మయ్య ఇంట్లో తప్ప గల్లీలో ఎక్కడా రాదు.

ఐదుకు ఇంకా ఐదు నిమిషాలే ఉన్నాయి. ఎవరో సెల్‌ఫోన్ ముందుకు చాపారు.

"గంత చిన్నదాంట్ల నేను చీమలెక్క కనపడ్త" అంది సంగమ్మ.

"మా ఇంటికి నడువు వదినా" అంది హన్మయ్య భార్య అమృతమ్మ.

"బొట్టు పెట్టి పిలిచినోళ్లను ఇంకొకరింటికి తోలుకపోతరా? నా ఇజ్జత్ ఏం గావాలె? ఇగ చూడకుంటే చూడకపోతి."

స్వరూపరాణి అమృతమ్మ చెవిలో ఏదో చెప్పింది. అమృతమ్మ ఉరికి ఇంటికి పోయి, కుంకుమతో వచ్చి, సంగమ్మ నుదుట బొట్టు పెట్టింది. "వదినా, మా ఇంట్ల టీవీల నువ్వొస్తున్నవ్. ఇంటిల్లిపాది రావాలె."

బొట్టు పెట్టి పిలిస్తే కాదనడం సంగమ్మకు తెలియదు. లేచింది. మిగతావాళ్లను ఎవరూ పిలవలేదు. అయినా అందరూ ఆమె కంటే ముందే చేరుకున్నారు. స్వరూపరాణి వాకిట్లో పడి ఉన్న నిచ్చెనను చూసింది. కానీ చేతిలో చాయ్ గిన్నె ఉంది.

తెర మీద సంగమ్మ చేనులో నడుస్తూ వచ్చింది. కింద కూర్చున్న సంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"విత్తనం ఎలా ఎంచుకుంటారమ్మా?" అని అడిగింది టీవీ అమ్మాయి.

"ఏ నేలనన్న పండుతదని సంచి మీద రాస్తే అసలే ముట్ట. మా నేలల ఏది మొలుస్తదో పక్కచేనోళ్లను అడిగి, గదే తెస్త."

"ఇంట్లో అందరూ ఇలాగే అడిగి తెస్తారా?"

"మా కోడలు అడుగుతది. మా కొడుకు అడగడు."

గల్లీ అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "నేను గిట్లంటినా?" అంటూ సంగమ్మ తనను తానే చూసి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

హన్మయ్య వాళ్ల టీవీ గొంతు పెద్దది కాబట్టి, ఎదుటి మిద్దె మీద ఉండిపోయిన గోవర్ధన్‌కు ప్రసారం చాలా స్పష్టంగా అందింది.