చేతితో తెరిచే కిటికీ

1999లో మెల్బోర్న్ శివార్లలోని ఒక కౌన్సిల్, పేరెందుకు లెండి, గొప్ప నిర్ణయం తీసుకుంది. చెత్తబుట్టలతో, పార్కు ఉయ్యాలలతో పాటు జైలునూ తన పాలనలోకి తీసుకుని, ఖైదీల వసతి కాంట్రాక్టుపై ఒక బోర్డు వేసింది. అందులో ప్రజల తరఫున ఈశ్వరప్రసాద్ గారికి చోటు దక్కింది. సహస్రనామం చదవనిదే కాఫీ ముట్టని మనిషి. వసతి గురించి ఆయనకు వేరే చెప్పాలా? 2000 రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వై.టు.కె. భయం పుణ్యమా అని హైదరాబాదు నుంచి దిగిన ఆరుగురు ఇంజనీర్లు ఆయన గరాజ్‌లోనే ఉంటున్నారు.

వారిలో సాకేత్‌కు ఉబ్బసం.

"అంకుల్, మధ్యాహ్నం అయ్యేసరికి గరాజ్ ఓవెన్ అయిపోతోంది. పఫర్ పీల్చినా ఊపిరి అందట్లేదు. చిన్న విండో పెట్టించండి, ప్లీజ్."

"వై.టు.కె. దాటనీ బాబూ, చూద్దాం."

బోర్డు సమావేశంలో కాంట్రాక్టరు కంప్యూటర్ తలుపులు, తెరుచుకోని అద్దాలు ప్రతిపాదించాడు. ఈశ్వరప్రసాద్ గారు లేచారు.

"అధ్యక్షా! జనవరి ఒకటిన కంప్యూటర్ ఆగిపోతే? లోపలున్నది మనుషులు! ఊపిరి ఒకరిదీ, తాళం మరొకరిదీనా? గదిగదికీ చేతితో తెరిచే కిటికీ ఉండాలి!"

ఒక సభ్యురాలు కళ్ళు తుడుచుకుంది. తీర్మానం ఏకగ్రీవం.

ఆ వార్త విని సాకేత్ వచ్చాడు. "మరి మాకు, అంకుల్?"

"వాళ్ళు ఖైదీలయ్యా, బయటికి రాలేరు. మీరు ఫ్రీ బర్డ్స్. గాలి కావాలంటే డోర్ తీసుకుని వెళ్ళండి."

"డోర్ రిమోట్ మీ పూజగదిలో ఉంది కదా అంకుల్."

ఆయన భార్య విద్యావతి గారు వంటింట్లోంచే అన్నారు: "ఏదో ఒకటి పెట్టించండి. ఆ పిల్లాడి ఆయాసం వింటుంటే నాకు దీపం మీద మనసు నిలవట్లేదు."

ధర్మపత్ని మాట కాదనలేక, కాంట్రాక్టరు దగ్గరున్న నమూనా కిటికీ ఒకటి తెచ్చి గరాజ్ గోడకు బిగించారు. పసుపు, కుంకుమ పెట్టారు. గోడకు మాత్రం కన్నం పెట్టలేదు. దానికి కౌన్సిల్ అనుమతి కావాలి. బోర్డు సభ్యుడై ఉండి చట్టాన్ని మీరతారా?

జనవరిలో ఏ కంప్యూటరూ ఆగలేదు. తెలుగు సంఘం వారు ఆయన ఇంట్లోనే శాలువా కప్పి, ఆ కిటికీని చూడటానికి గరాజ్‌లోకి వచ్చారు. సాకేత్ దాన్ని చేతితో తెరిచాడు. వెనక ఇటుకలు. వాటికి ముఖం ఆనించి దగ్గాడు, పఫర్ కోసం తడుముకున్నాడు.

సంఘం అధ్యక్షుడు జనార్దనరావు గారు ఈశ్వరప్రసాద్ గారిని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు:

"చాలా బాగుందండీ. మా గరాజ్ కుర్రాళ్ళకీ ఇలాంటిదొకటి ఇప్పించకూడదూ?"