ప్రాపర్టీ పున్నయ్య మెచ్చిన నవల

ఫిల్మ్‌నగర్‌లో బసవపున్నయ్య ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ప్రాపర్టీ పున్నయ్య అని అడగండి, టీ కొట్టువాడు గ్లాసు పక్కన పెట్టి మరీ దారి చూపిస్తాడు. ప్రాపర్టీ అంటే ఎకరాలూ గజాలూ అనుకునేరు, కాదు. షూటింగుల్లో సెట్టు మీద పెట్టే సామాను. సోఫాలు, గోడ గడియారాలు, పూలకుండీలు, హీరో తండ్రి ఫొటోకి వేసే దండలు, అన్నీ ఆయన షెడ్డు నుంచే అద్దెకి వెళ్తాయి.

పుస్తకాలు కూడా వెళ్తాయి. వాటిని మాత్రం అడుగుల్లెక్కన ఇస్తాడు. "లాయరు గారి ఆఫీసు, ఎర్రట్టలు పన్నెండడుగులు" అంటే పన్నెండడుగులు. "హీరోయిన్ హాస్టల్ గది, తెలుగు నవలలు నాలుగడుగులు" అంటే నాలుగడుగులు. ముప్పై ఏళ్ళలో ఆయన చేతుల మీదుగా కొన్ని మైళ్ళ సాహిత్యం వెళ్ళి వచ్చింది. అందులో ఒక్క అంగుళం కూడా ఆయన చదివిన పాపాన పోలేదు. చదువుకున్నది ఎనిమిదో తరగతి. తొమ్మిది కూడా చదివేవాడే, లెక్కల మాస్టారు పడనివ్వలేదు.

చదివేది ఆయన భార్య సీతామహాలక్ష్మి. షెడ్డు పైనే వాళ్ళ వాటా. షూటింగుకీ షూటింగుకీ మధ్య పుస్తకాలు అలమరలో ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఆవిడవి. చిక్కేమిటంటే, ఇంకో ముప్పై పేజీలున్నాయనగా నవల వ్యాను ఎక్కేసేది.

"ఏవండీ, ఆ పిల్ల నూతిలో దూకబోతుంటే ఆపాను, ఇలా ఇవ్వండి."

"ఆర్ట్ డైరెక్టరు తిడతాడే. శుక్రవారం తిరిగొచ్చేస్తుందిగా. అప్పటిదాకా గట్టు మీద నుంచోనీ."

అలా గట్టు మీద నుంచోబెట్టుకుని, పొయ్యి ముందు నుంచోబెట్టుకుని, పెళ్ళిపీటల మీద కూచోబెట్టుకుని, ఆవిడ పాతికేళ్ళుగా చదువుతూనే ఉంది.

మన పున్నయ్యకి రహమత్ నగర్‌లో రాములు అని ఒక స్నేహితుడున్నాడు. కరెంటాఫీసులో రిటైరయ్యాడు. పొద్దున్నే కృష్ణకాంత్ పార్కులో ఇద్దరూ కలిసి నడుస్తారు. ఆయనే ఒకరోజు పున్నయ్య ఫోన్ లాక్కుని, ఫేస్‌బుక్‌లో 'పేజీ మడతపెట్టినవాళ్ళం' అనే గ్రూపులో చేర్పించాడు. పదకొండు వేల మంది చదువరులు. రోజూ ఎవరో ఒకరు "ఒక మంచి నవల చెప్పండి ప్లీజ్" అంటారు. మిగతావాళ్ళు చెప్తారు.

పున్నయ్యకి ఆ గ్రూపు చూడగానే గుండెలో ఏదో కదిలింది. ముప్పై ఏళ్ళుగా ఏ నిర్మాత ఆఫీసుకెళ్ళినా ఆయన గుమ్మం దగ్గర నిలబడి "సార్, సామాను దించేశాం" అనేవాడే తప్ప, "కూర్చో పున్నయ్యా" అన్నవాడు లేడు. ఇక్కడ నవల పేరు చెప్పినవాణ్ణల్లా సార్ అంటున్నారు.

ఆ మధ్యాహ్నమే పథకం మొదలైంది. సీతామహాలక్ష్మి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే వెళ్ళి పక్కన పీట వేసుకున్నాడు.

"సీతా, నువ్వు మొన్న చదివిందేదో చెప్పవే."

"ఎన్నడూ లేంది, మీకెందుకు?"

"మనిషన్నాక విజ్ఞానం ఉండొద్దూ."

ఆవిడ చెప్పింది. ఫిల్మ్‌నగర్లో ఎవరూ కథ చదవరు, చెప్పించుకుని వింటారు. కోట్లు పోసే నిర్మాతలే రెండు గంటలు విని "కథ చదివేశాం" అంటారు. కాబట్టి తాను కూడా చదివేసినట్టే అని పున్నయ్య మనస్ఫూర్తిగా నమ్మాడు. అందులో మోసం ఉందని ఆయనకి తట్టనే లేదు. టైపు చెయ్యడం రాదు గనక మేడ మీదకెళ్ళి, ఫోన్‌కి నోటితో చెప్పి పోస్టు పెట్టాడు. "ఈ నవల నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వలేదు" అని మొదలుపెట్టాడు. ఆ మూడు రోజులూ ఆయన గురకకి నిద్రపోనిది సీతామహాలక్ష్మి.

ఆరొందల లైకులు. కింద రాములు, "గిది నేనెప్పుడో చదివిన అన్నా. ఆఖర్ల కండ్లల్ల నీళ్ళొచ్చినయ్" అని రాశాడు.

నాలుగు నెలలు తిరిగేసరికి పున్నయ్య గారు చెప్పందే గ్రూపులో ఎవరూ నవల కొనడం లేదు. ఎర్రగడ్డ నుంచి ఒకావిడ "మీరు మా ద్రోణాచార్యులు" అంది. ఇంట్లో ఏకలవ్యుడు రోజూ చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు గ్రూపులో ఎవరో అడిగారు, "మీ ఇంట్లో ఇంకెవరెవరు చదువుతారు?" అని. పున్నయ్య ఊపులో ఉన్నాడు. "మా ఆవిడకి అచ్చక్షరం అంటే ఎలర్జీ. కిరాణా చీటీ కూడా నేనే చదివి వినిపించాలి" అని నవ్వే బొమ్మ కూడా పెట్టాడు. దానికి తొమ్మిదొందల లైకులు.

మర్నాడు సీతామహాలక్ష్మి ఎర్రగడ్డ రైతుబజారు నుంచి వచ్చి సంచీ దింపింది.

"రాములన్నయ్య గారి ఆవిడ మంజులత కనిపించింది. ఫోన్లో మీ రాతలు చూపించింది."

పున్నయ్య చేతిలో ఫోన్ చటుక్కున జేబులోకి పోయింది. "ఏవేం చూపించింది?"

"అన్నీ."

"బాగున్నాయా?"

"బాగున్నాయి. మీరు ఇంత బాగా చదువుతారని నాకే తెలీదు."

అంతే. ఇంకో మాట లేదు. పున్నయ్య గండం గడిచిందనుకున్నాడు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మగాడు భార్య ఊరుకుందంటే ఎందుకు ఊరుకుందని ఆలోచించాలి. ఆయన ఆలోచించలేదు, రెండోసారి పప్పు వడ్డించుకున్నాడు.

ఆ వారమే ఫోనొచ్చింది. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద నిర్మాత కూతురు, నిహారిక. నాన్న కంపెనీలో కథల విభాగం చూస్తుంది. గ్రూపులో ఎప్పుడూ మాట్లాడకుండా అన్నీ చదివే రకం.

"అంకుల్, మాకు బాగా చదివేవాళ్ళు ఒకరు కావాలి. ఇంకా ఎవరూ సినిమా తియ్యని ఫ్యామిలీ నవల ఒకటి సజెస్ట్ చెయ్యండి. ముందు గ్రూపులో పెట్టండి, రెస్పాన్స్ చూద్దాం. బాగుంటే మా స్టోరీ డిపార్ట్‌మెంట్‌లో మీకు సీటు. టేబులు, కుర్చీ, నేమ్ బోర్డు అన్నీ ఉంటాయి."

జీతం ఎంతన్నది పున్నయ్యకి వినపడనే లేదు. కుర్చీ దగ్గరే ఆగిపోయాడు. వంటింట్లోకి పరిగెత్తాడు.

"సీతా, నీకు పుణ్యం ఉంటుంది. ఎవరూ తియ్యని నవల ఒకటి కావాలే."

సీతామహాలక్ష్మి చేతులు తుడుచుకుంది. చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత అలమర కింది అర నుంచి నీలం అట్ట పుస్తకం ఒకటి తీసింది. పేరు 'ఉప్పు సరిపోయిందా'. రచయిత్రి మనోజ.

"ఈవిడెవరే, ఎప్పుడూ వినలేదు?"

"మీరు ఎవరి పేరు విన్నారు గనక? వింటారా, మానేస్తారా?"

నాలుగు మధ్యాహ్నాలు చెప్పింది. అందులో ఒకావిడ. పెళ్ళికి ముందు ఒక కథ రాసి పత్రికకి పంపింది. పెళ్ళయిన నెలకి ఎడిటరు నుంచి ఉత్తరం వచ్చింది, కథ వేసుకుంటున్నాం, ఇంకా రాయమ్మా అని.

"భలే. మొగుడేమన్నాడు?"

"చదవలేదు. వెనకవైపు ఖాళీగా ఉందని సామాను జాబితా రాసుకున్నాడు."

"ఓరి వీడి మొహం మండ. మనిషేనా వాడు?"

"మీకూ అలాగే అనిపించిందా?" అని ఆవిడ మెల్లిగా పేజీ తిప్పింది.

"ఇంకెవరికైనా ఇంకోలా అనిపిస్తుందా? తర్వాత?"

"తర్వాతేముంది. ఆవిడ పచ్చడి పెడితే వాళ్ళమ్మ పెట్టిందని చెప్పేవాడు. ఆవిడ మాట చెప్తే తన మాటని చెప్పేవాడు. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఒక్క ప్రశ్నే అడిగాడు, తర్వాతేమైంది అని. అదీ తనకి కావాల్సొచ్చి."

"వాడి చెంప పగలగొట్టేవాళ్ళు లేరా ఈ నవల్లో?"

"ఇంకా రాలేదు."

పున్నయ్య మేడ మీదకెళ్ళి జీవితంలో ఎన్నడూ పెట్టనంత పోస్టు పెట్టాడు. ఆ భర్తని ఏకిపారేశాడు. "ఇలాంటివాణ్ణి మెడలో చెప్పుల దండేసి ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా నడిపించాలి" అన్నాడు.

గ్రూపు ఊగిపోయింది. పద్నాలుగు మంది ఆ నవల తామూ చదివామన్నారు. ఒకాయన రెండో ముద్రణలో అచ్చుతప్పులెక్కువన్నాడు. ఒకాయన మొదటి ముద్రణ తన దగ్గరుండేదనీ, బావమరిది పట్టుకెళ్ళి ఇవ్వలేదనీ బాధపడ్డాడు. రాములు పార్కులో చెయ్యి పట్టుకుని, "రెండుసార్లు చదివిన అన్నా. ఆ మొగడుగాడున్నడు చూడు, గట్లాంటోన్ని మా గల్లీల గూడ చూసిన" అన్నాడు.

సోమవారం పదకొండింటికి రమ్మంది నిహారిక, పుస్తకం కూడా తెమ్మంది. సీతామహాలక్ష్మే దాన్ని పేపర్లో చుట్టి ఇచ్చింది.

నిహారిక గదిలో ఆవిడ కుర్చీ కాక ఒకటే కుర్చీ ఉంది, నల్ల తోలుది, చక్రాలతో సహా. పున్నయ్య దాన్ని చూస్తూ పుస్తకం అందించాడు. ఆ అమ్మాయి అట్ట చూసి కనుబొమలు ముడిచింది.

"అంకుల్, పోస్టులో పేరు చూసినప్పుడే ఎక్కడో విన్నట్టనిపించింది. ఇది మా నాన్నగారి సినిమాలోది. హీరోయిన్ రైటర్ కదా, ఆవిడ రాసిన నవలని చూపించడానికి మా ఆర్ట్ డిపార్ట్‌మెంటే చేసింది. మనోజ హీరోయిన్ క్యారెక్టర్ పేరు. ఇది డమ్మీ బుక్కు. లోపల అన్నీ తెల్లకాగితాలు."

పున్నయ్యకి అప్పుడు గుర్తొచ్చింది. అలాంటి డమ్మీలు షెడ్డులో ఓ రెండడుగులుంటాయి. షూటింగయ్యాక ఎవరూ అడగరు. తానే మోసుకొచ్చి తానే అలమరలో పెట్టాడు.

నిహారిక తెరిచింది. లోపల తెల్లగా లేదు. మొదటి పేజీ నుంచి నీలం సిరాతో గుండ్రటి చేతిరాత. ఆ అమ్మాయి కాసేపు తనలో చదువుకుని, తర్వాత పైకి చదివింది. "'ఆయన పుస్తకాలని అడుగుల్లో కొలుస్తాడు. నన్ను అదీ కొలవలేదు.'"

పున్నయ్య కుర్చీ మీంచి చూపు పుస్తకం మీదికి తిప్పాడు.

నలభయ్యో పేజీలో ఒక పాత ఉత్తరం అంటించి ఉంది. నిహారిక దాన్ని ఎత్తి వెనక చూసింది. "సోఫాలు రెండు, గడియారం ఒకటి, పూలకుండీలు ఆరు." ఆ అక్షరాలు ఎవరివో పున్నయ్యకి ఎవరూ చెప్పక్కర్లేదు. 'కుండీ'కి తలకట్టు పెట్టే అలవాటు ఈ భూమ్మీద ఆయన ఒక్కడికే ఉంది. ఉత్తరం ముందువైపు ఏముందో ఆ క్షణం దాకా ఆయనకి తెలీదు.

అయినా కుర్చీ ఎదురుగా కనిపిస్తోంది. ఆశ చావలేదు.

"అదేనమ్మా, కథ నాదే. నేను చెప్తుంటే మా ఆవిడ రాసింది."

"మరి ఆ భర్తని మెడలో చెప్పులేసి నడిపించాలన్నారు?"

పున్నయ్య మళ్ళీ కుర్చీ వంక చూశాడు.

"ఆంటీకి ఫోన్ చేస్తారా?"

చేశాడు. ఆవిడ ఆటోలో పది నిమిషాల్లో వచ్చింది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. ఇలాంటి చీర పది నిమిషాల్లో కట్టడం ఏ ఆడదానివల్లా కాదని పున్నయ్యకి కూడా తెలుసు.

"కూర్చోండి ఆంటీ" అంది నిహారిక.

సీతామహాలక్ష్మి నల్ల కుర్చీలో కూర్చుంది. పున్నయ్య ఎవరూ చెప్పకుండానే గుమ్మం దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. కాళ్ళకి ఆ చోటు బాగా అలవాటు.

"ముగింపు ఏంటి ఆంటీ? ఆఖరి ఇరవై పేజీలు ఖాళీ ఉన్నాయి."

"ఇంకా తేల్చుకోలేదమ్మా."

గుమ్మం దగ్గర నుంచి పున్నయ్య గొంతు సవరించుకున్నాడు. "చివర్లో భర్త మారతాడని పెట్టొచ్చేమో. జనానికి అలాంటివి నచ్చుతాయి."

ఆడవాళ్ళిద్దరూ ఒకసారి అటు తిరిగి చూశారు.

"నమ్మరు అంకుల్" అంది నిహారిక. మళ్ళీ ఇటు తిరిగింది. "ఆంటీ, సీట్ మీదే. అందులో డిస్కషన్ లేదు. నాకున్న డౌటల్లా ఒకటే. అసలు ఈ భర్త క్యారెక్టర్ కథకి అవసరమా? తీసేసినా ఏం తేడా రావట్లేదు."

సీతామహాలక్ష్మి ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ ఏం ఆలోచిస్తుందా అని పున్నయ్య ఊపిరి బిగబట్టి ఎదురుచూడటం అదే మొదలు.

"ఉండనీ అమ్మా" అంది చివరికి. "మూలన ఏదో ఒకటి ఉండకపోతే ఇల్లు బోసిగా ఉంటుంది."

"డైలాగులు?"

"అక్కర్లేదు."

నిహారిక పెన్సిలు తీసి, భర్త మొదటి మాట మీద సన్నగా గీత గీసింది. అది ఏ మాటో అడుగుదామని పున్నయ్య నోరు తెరిచాడు. సీతామహాలక్ష్మి కుర్చీ చక్రాలు చప్పుడు కాకుండా ఇటు తిరిగాయి. ఆయన నోరు మూసుకున్నాడు.