అక్షరం పొల్లుపోకుండా

ఫుట్‌బాల్ సమాఖ్య రికార్డుల గదిలో ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తాగా పనిచేస్తున్న నేను ఈ దిగువ రాసిన విషయాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. నమ్మనివారు ఆఫీసు వేళల్లో వచ్చి ఫైళ్ళు చూసుకోవచ్చు.

మా సమాఖ్య ప్రయోగాలకు పెట్టింది పేరు. ఒక ఏడు బంతికి పచ్చరంగు వేయించారు, గడ్డి మీద కంటికి ఇంపుగా ఉంటుందని. ఆ ఏడు పోయిన పదకొండు బంతులు తర్వాత గడ్డి కోసినప్పుడు దొరికాయి. ఇంకో ఏడు ఆటగాళ్ళ మధ్య సోదరభావం పెంచడానికి రెండు జట్లకూ ఒకే రంగు చొక్కాలు కుట్టించారు. సోదరభావం ఎంత పెరిగిందంటే, ఒక మ్యాచ్‌లో ఇరవై రెండు మందీ ఒకే వైపు ఆడారు. రిఫరీకి మోకాళ్ళ నొప్పులని మైదానం నడిమధ్యన వాలుకుర్చీ వేయించిన ఏడు కూడా ఒకటుంది. ఇవన్నీ చిన్న ప్రయోగాలు. పెద్దది ఒక పొల్లు వల్ల జరిగింది.

పొల్లు అంటే తెలియనివారు ఉండరు. అక్షరం నెత్తిన పెట్టే చిన్న కొక్కెం. మా ఆఫీసు టైపు మిషన్‌లో ఆ పొల్లు మీట విరిగి అప్పటికి మూడేళ్ళయింది. బాగు చేయించమని టైపిస్టు గారు పెట్టుకున్న అర్జీ సబ్‌కమిటీ పరిశీలనలో ఉంది. అందాకా ఆమె కాగితాలన్నీ పొల్లు లేకుండా టైపు చేసి, తర్వాత నల్ల సిరా కలంతో ఒక్కో పొల్లూ చేత్తో పెట్టేది. మూడేళ్ళలో ఒక్కటి కూడా మరచిపోలేదు.

ఈ టైపిస్టు గారి తమ్ముడు మా లీగులోనే సెంటర్ ఫార్వర్డు. మైదానంలోగాని బయటగాని నోరు విప్పి ఎరగడు, అందుకని తోటివాళ్ళు అతన్ని సైలెన్సర్ అనేవారు. గోల్ కొట్టాక కూడా చేతులు ఊపడం, చొక్కా విప్పడం లాంటివేమీ లేవు. బంతి నెట్లో పడిందని ఖాయపరచుకుని, ఏదో తప్పు చేసినవాడిలా తలవంచుకుని సెంటర్‌కి నడిచి వచ్చేవాడు. అలా తలవంచుకుని తొంభై ఒకటి కొట్టాడు. మోకాలు అరిగిపోయింది, ఇదే చివరి సీజన్ అని డాక్టరు తేల్చేశాడు. నిబంధనల పుస్తకంలో ముప్ఫయ్యొకటోది ఏమంటుందంటే, వంద గోల్స్ పూర్తి చేసిన ఆటగాడికి సమాఖ్యలో శాశ్వత శిక్షకుడి ఉద్యోగం ఇవ్వాలి. అతనికి ఇంకా తొమ్మిది కావాలి. పదహారో ఏట చదువు మానిపించి, "వీడి కాళ్ళల్లో ఉంది విద్య" అని అతన్ని ఆటలో పెట్టింది అక్కే. ఆ తొమ్మిదీ పడకపోతే తమ్ముడికి వేరే పని రాదన్న బెంగ ఆమెను తినేస్తూ ఉండేది.

ఆ ఏడు కొత్త నిబంధనల పుస్తకం టైపు చేస్తూ ఆమె చేసిన పనల్లా ఇదే. పొల్లులు పెట్టడం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకుండా, ముందుగా ముప్ఫయ్యొకటో నిబంధన తీసి, అందులో తమ్ముడి బతుకు ఉంది గనక, దానికి ఎంతో శ్రద్ధగా పొల్లులు పెట్టుకుంది. తర్వాత వెనక్కి వచ్చి మిగతా పేజీలు పూర్తి చేసింది. ఆ ముందువెనకల్లో పద్నాలుగో నిబంధనలో ఒక్క పొల్లు జారిపోయింది. "మైదానంలో గోల్ చేసిన జట్టుకు ఒక పాయింటు" అని ఉండాల్సింది, "మైదానంలో గోల చేసిన జట్టుకు ఒక పాయింటు" అని అచ్చయింది.

ఆవిష్కరణ సభలో అధ్యక్షులవారు పుస్తకాన్ని తలపైకెత్తి ఇలా సెలవిచ్చారు. "ఈ గ్రంథంలో ఒక్క అక్షరం తప్పున్నా ఈ క్షణమే నా పదవికి రాజీనామా చేస్తాను. దీన్ని అన్ని క్లబ్బులూ అక్షరం పొల్లుపోకుండా అమలు చేయాలని ఆదేశిస్తున్నాను." అందరం చప్పట్లు కొట్టాం. నిజానికి ఆయన మాటలో అబద్ధం ఏమీ లేదు. పుస్తకంలో అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి.

మొదటి మ్యాచ్‌లో సైలెన్సర్ మూడు గోల్స్ కొట్టాడు. ఎదుటి జట్టు మేనేజరు ఒకప్పుడు వకీలు. ఆయన ఓడిపోయినవాడి మొహం పెట్టకుండా పుస్తకం తీసుకుని నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. పద్నాలుగో నిబంధన చదివి వినిపించి, "మావాళ్ళు గంటన్నర సేపు రిఫరీ మీద నోరు పారేసుకుంటూనే ఉన్నారు, ఐదువేల మంది సాక్షులున్నారు. వాళ్ళ మనిషి మూడుసార్లు బంతి నెట్లోకి తన్నిన మాట వాస్తవమేగాని, ఒక్కసారైనా కిక్కురుమన్నాడా?" అని నిలదీశాడు.

అత్యవసర సమావేశం జరిగింది. అచ్చుతప్పు అని ఒప్పుకుంటే అధ్యక్షులవారు రాజీనామా చేయాలి. ఆయన రాజీనామా చేస్తే ఆయన వేసిన ఏడు సబ్‌కమిటీలూ రద్దవుతాయి. సబ్‌కమిటీల సభ్యులే ఆ సమావేశంలో కూర్చున్నారు. కాబట్టి అది అచ్చుతప్పు కాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. మర్నాడు పత్రికలవాళ్ళను పిలిచి అధ్యక్షులవారు చెప్పారు. "ప్రపంచం ఇంకా బంతి దగ్గరే ఆగిపోయింది. మేము బంతిని దాటి ముందుకు వెళ్ళాం. ఆటకు ప్రాణం ఉత్సాహం. ఉత్సాహానికి రూపం గోల. ఈ ఆలోచన నాకు పదేళ్ళుగా ఉంది." ఆ చివరి వాక్యాన్ని విలేఖరులు ప్రత్యేకంగా అడిగి రాసుకున్నారు.

ప్రయోగాన్ని శాస్త్రీయంగా నడపడానికి గోల పరీక్షకుణ్ణి నియమించారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, గోలలో ఆయనకున్న అనుభవాన్ని ఎవరూ శంకించలేరు. ఆటవైపు చూస్తే పక్షపాతం వస్తుందని ఆయన కుర్చీని మైదానానికి వీపు పెట్టి వేశారు. గోలకు నిర్వచనం కూడా తయారైంది. కనీసం ఐదుగురు ఒకేసారి అరవాలి, ఎవరి మాట వారిదై ఉండాలి, ఒకరి మాట ఒకరు వినకూడదు. అందరూ కలిసి ఒకే మాట అరిస్తే అది నినాదం కిందికి వస్తుంది, దానికి పాయింటు లేదు.

క్లబ్బులు వెనకబడలేదు. ఒక జట్టు కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే ఆయన్ని కెప్టెన్‌గా తీసుకుంది. ఇంకో జట్టు రద్దీ రూట్లో పనిచేసిన ఇద్దరు బస్సు కండక్టర్లను చెరో వింగులో పెట్టింది. ఆస్తి పంచుకుంటూ వీధికెక్కిన నలుగురు అన్నదమ్ములను ఒక క్లబ్బు ఉన్నపళంగా డిఫెన్సులోకి తీసుకుంటే, లీగులోకెల్లా పటిష్ఠమైన డిఫెన్సు అదేనని పత్రికలు కొనియాడాయి. వాళ్ళకు సాధన కూడా అక్కర్లేదు, మధ్యలో ఒక స్థలం పట్టా పెడితే చాలు. గోల్‌కీపర్లు పరీక్షకుడికి మరీ దూరమైపోతున్నామని గోల్ వదిలేసి మైదానం మధ్యకు వచ్చేశారు. కండరాలు పట్టే ఆయన్ని పంపేసి గొంతు డాక్టరును పెట్టుకున్నారు. బొంగురుపోయిన ఆటగాళ్ళను స్ట్రెచర్ మీద మోసుకుపోతుంటే జనం లేచి నిలబడి గౌరవించేవారు.

మునుపు ఐదువేలు దాటని స్టేడియానికి నలభై వేల మంది రాసాగారు. టీవీల్లో గోల నిపుణులు వెలిశారు. ముక్కుతో అరవడానికీ కడుపులోంచి అరవడానికీ తేడా మనందరికీ వాళ్ళే నేర్పారు. పిల్లలను గోల శిక్షణ కేంద్రాల్లో చేర్పించిన తల్లిదండ్రులు, వాళ్ళు ఇంట్లో కాసేపు చప్పుడు చేయకపోతే ఒంట్లో బాగోలేదేమోనని కంగారుపడేవారు. ఆరో వారం ఒక మ్యాచ్‌కు బంతి తేవడం మరచిపోయారు. సగం సమయం దాటాక సైలెన్సర్ రిఫరీ దగ్గరికి వెళ్ళి, "అయ్యా, బంతి ఉంటే ఒకసారి ఇప్పిస్తారా?" అని అడిగేదాకా ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. అతని ముచ్చట ఎందుకు కాదనాలని తెప్పించి ఇచ్చారు.

సైలెన్సర్‌ని జట్టు పూర్తిగా వదిలేయలేదు. పదకొండు మంది ఉండాలి గనక ఉంచుకున్నారు. అతను కొడుతున్న గోల్స్‌కి పాయింట్లు లేవుగాని, ముప్ఫయ్యొకటో నిబంధన రద్దు కాలేదు గనక లెక్క ఉంది. అయితే గోల్ అనేది ఇప్పుడు అధికారికంగా ఆటలో భాగం కాదు కాబట్టి, ఒక్కో గోల్‌కీ ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు ఫారం మీద సంతకం చేయాలని, బంధువులూ తోటి ఆటగాళ్ళూ సాక్షులుగా చెల్లరని సర్క్యులర్ వచ్చింది. చూసేవాళ్ళు వేరే లేక రిఫరీ, లైన్స్‌మన్ సంతకాలు పెడుతూ వచ్చారు. తొంభై ఐదు, తొంభై ఆరు, తొంభై ఏడు. ఫారాలన్నీ నా గదిలోనే ఉన్నాయి.

టైపిస్టు గారి బల్ల నా బల్ల పక్కనే. సీజన్ సగంలో ఆమె ఉండబట్టలేక తమ్ముడితో అంతా చెప్పేసిందట. వంటింట్లో పీట మీద కూర్చుని మోకాలికి ఐసుగడ్డ పెట్టుకుంటూ అతను విన్నాడట.

"పొల్లు పెట్టంది నేనేరా. రేపెళ్ళి అధ్యక్షులవారితో చెప్పేస్తాను."

"వద్దక్కా. నీ ఉద్యోగం పోతుంది. ఇంకో మూడే కదా, కొట్టేస్తాలే."

"నువ్విన్ని మాటలు ఒక్కసారే మాట్లాడి ఎన్నాళ్ళయిందిరా," అని ఆమె ఏడ్చిందట. అయినా మర్నాడు అధ్యక్షులవారి గదిలోకి వెళ్ళింది. సంతకాల ఫైలు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను.

"అయ్యా, పద్నాలుగో నిబంధనలో ఉన్నది నా పొరపాటండీ. పొల్లు నేనే మరచిపోయాను. నన్నేం చేసినా సరే, దాన్ని సరిచేయండి."

అధ్యక్షులవారు కలం కింద పెట్టారు. "చూడమ్మా, ఈ ప్రయోగాన్ని దేశదేశాలు మెచ్చుకుంటున్నాయి. ఇన్నాళ్ళూ ఊరుకుని, తీరా ఇంత పేరొచ్చాక అది నాదంటే నాదని వస్తున్నారు. నిన్న మా బామ్మర్ది కూడా తన ఆలోచనేనన్నాడు. నువ్వు కూడానా?"

"పేరు కోసం కాదండీ, అది తప్పండీ."

"వినయం మంచిదే. కానీ ఆలోచన నాది. వెళ్ళి పనిచూసుకో."

ఆమె బయటికొచ్చి కుర్చీలో కూలబడింది. తప్పు చేసినవాళ్ళను ఉద్యోగంలోంచి తీసేయడం చూశానుగాని, తప్పు చేశామన్నా నమ్మకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

చివరి మ్యాచ్ నాటికి సైలెన్సర్ తొంభై తొమ్మిది దగ్గర ఉన్నాడు. ఆ రోజు రద్దీ దృష్ట్యా రిఫరీని, లైన్స్‌మన్‌ని గోల పరీక్షకుడికి సహాయకులుగా వేశారు. వాళ్ళ కుర్చీలు కూడా మైదానానికి వీపు పెట్టే వేశారు. ఎనభయ్యో నిమిషంలో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. స్టేడియం అదిరిపోతోంది. సైలెన్సర్ జట్టు కెప్టెన్ వేలంపాట ఆయనా, ఎదుటి జట్టు నలుగురు అన్నదమ్ములూ ఎదురెదురుగా నిలబడి జీవితంలో ఎన్నడూ అరవనంతగా అరిచారు.

అప్పుడే అతను కొట్టాడని టైపిస్టు గారు చెప్పింది. ఎదుట గోల్‌కీపర్ లేడు, అడ్డుపడేవాడు లేడు, నడుచుకుంటూ వెళ్ళి నెట్టేసినా సరిపోయేది. అతను అలా చేయలేదట. గోల్‌కీపర్ ఉన్నాడనే అనుకుని, పెనాల్టీ గీత బయటినుంచి, కుంటికాలు మీద నిలబడి, మంచికాలితో పై మూలకు కొట్టాడట. తలవంచుకుని తిరిగి వస్తూ, ఒక్కసారి మాత్రం తలెత్తి అక్క ఎక్కడుందా అని చూశాడట.

ఆ మ్యాచ్ ఫలితం తేలలేదు. గోల పరీక్షకుడికి ఆనాటితో వినికిడి పూర్తిగా పోయింది, రెండు జట్లకూ సున్నా వేశాడు. ప్రయోగం విజయవంతంగా ముగిసిందని అధ్యక్షులవారు ప్రకటించి, మరుసటి ఏడు నుంచి మళ్ళీ బంతితో ఆడే సరికొత్త ప్రయోగాన్ని ప్రారంభించారు. దానికీ సన్మానం జరిగింది.

టైపిస్టు గారు ఫారం పట్టుకుని సాక్షుల కోసం బయల్దేరింది. మా ఆఫీసుతో మొదలుపెట్టి, వీధివీధీ తిరిగింది. ఆ మ్యాచ్‌కు రానివాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు. అందరూ ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఎనభయ్యో నిమిషం గోల ఎలా ఉందో కళ్ళకు కట్టినట్టు చెప్పారు. బంతి సంగతి అడిగితే, "బంతి కూడా ఉందామ్మా ఆ రోజు?" అన్నారు.

చివరికి ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. "మీరు ముందు వరసలో, గోల్ పక్కనే కూర్చున్నారు కదండీ. ఒక్క సంతకం పెడతారా?"

గోల్ పక్కనే ఉన్న మాట నిజం. ఆ నిమిషంలో నేను బెంచీ ఎక్కి, నిపుణులు చెప్పిన ప్రకారం కడుపులోంచి అరుస్తున్నాను. బంతి నా చెవి పక్కనుంచి పోయి ఉంటుంది. కళ్ళారా చూడనిదానికి సంతకం పెట్టడం నిబంధనలకు విరుద్ధమని ఆమెకు చెప్పాను. ఆ సీజన్ మొత్తంలో ఎవరైనా నిబంధనను సరిగ్గా పాటించింది అదొక్కసారే. ఆమె, "అవునండీ, పొరపాటు పనులు చేయకూడదు," అని ఫారం మడిచి సొరుగులో పెట్టుకుంది. సైలెన్సర్ ఇప్పుడు మా స్టేడియంలోనే ఉన్నాడు. మ్యాచ్‌కు ముందు సున్నంతో గీతలు గీసి, ఆట మొదలయ్యేసరికి బయటికి వెళ్ళిపోతాడు.

సాక్షులు కావాలని మా నోటీసు బోర్డులో ప్రకటన అంటించి ఏడేళ్ళయింది. ఇద్దరు చాలు. ఇప్పటికి చాలామంది వచ్చారు, గోల గురించి చెప్పి వెళ్ళారు. ఆ రోజు అక్కడ మీరూ ఉన్నారని విన్నాను. ఆఫీసు పదిన్నరకు తెరుస్తారు. వచ్చేముందు, ఎనభయ్యో నిమిషంలో మీరు ఎటు చూస్తున్నారో కొంచెం గుర్తు చేసుకుని రండి.